మంగళవారం నుంచి వేసినవి

వీడియో ఆట ఖరీదు నూట యాభై సెడీలు. ఆ ఆటలోకి కొత్తగా వచ్చిన నలుగురు ఫైటర్ల ఖరీదు నాలుగు వందలు. డిస్కులో ముందునుంచీ ఉన్నవాళ్ళు ఇరవై మంది. ఇరవై మందికి నూట యాభై, నలుగురికి నాలుగు వందలు ఎలా అయ్యాయో ఆటల గది నడిపే దుఫీకి అర్థం కాలేదు, కూర్చుని అర్థం చేసుకునే ఓపికా లేదు. మంగళవారం పొద్దున్న డబ్బాలోని చిల్లరంతా కెంకే ముద్దలు అమ్మే ఆవిడ దగ్గర నోట్లుగా మార్పించుకుని, ట్రోట్రో వ్యాను ఎక్కి కుమాసీలోని అడుమ్‌లో దిగింది.

బెదియాకోది ఫోన్లు బాగుచేసే కొట్టు. దానితోపాటు నెట్లో ఆటలు కొనే అమెరికా కార్డులు, బ్రిటన్ కార్డులు, పాత డిస్కులు కూడా అమ్ముతాడు. కార్డు అంటే కార్డేమీ ఉండదు, అతని ఫోన్లో పన్నెండు అక్షరాలుంటాయి. వాటిని చిన్న కాగితం మీద రాసి, మందుల చీటీలా నాలుగు మడతలు పెట్టి ఇస్తాడు.

"అమెరికా ఖాతానేగా అక్కా?"

"అమెరికాదే. చేసిపెట్టింది నువ్వేగా."

"అయితే ఇంక అడిగేదేముంది," అని రాయడం మొదలుపెట్టాడు.

"మా టైలరు బొవాహెన్ నవ్వుతున్నాడయ్యా. చొక్కా నూట యాభై, గుండీలు నాలుగొందలా అని."

"ఆ గుండీలు అమ్మేవాడు అమెరికాలో ఉన్నాడక్కా. ముప్పై డాలర్లంటే వాడికి ఇద్దరు బయటికెళ్ళి ఓ పూట తినే డబ్బు. వాడి భోజనం లెక్కలోనే మనకీ అమ్ముతాడు. మనం ముప్పై డాలర్లకి ఎన్నాళ్ళు తింటామో వాడికెవరు చెప్తారు?"

దుఫీ కాగితాన్ని జాకెట్టులో దోపుకుని నోట్లు ఇచ్చింది. రెండు నెలలు పట్టింది అవి పోగవడానికి. ఆమె గదికి రోజూ వచ్చేవాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళే ఆ నలుగురు ఫైటర్లనీ ఇచ్చే సీజన్ పాస్ కావాలన్నారు, వాళ్ళే డబ్బా పెట్టమన్నారు. రోజూ వచ్చి కూర్చోగానే తలా ఒక సెడీ అందులో వెయ్యాలి. ఎవరు ఎన్ని వేశారో రాసుకోలేదు. రాసుకుంటే నమ్మకం లేనట్టుంటుందని వాళ్ళలో పొకువా అంటే, అందరూ అవునన్నారు.

గది అసాఫో మార్కెట్ వెనక, బట్టల మూటలు దింపే సందులో ఉంది. నాలుగు టీవీలు, నాలుగు ఆట మిషన్లు, ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు. దుఫీకి ఆట రాదు. మూడేళ్ళలో ఆమె కంట్రోలర్ పట్టుకుంది తుడవడానికే. ఆ రోజూ రాగానే స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో ఎనిమిదింటినీ వరసగా తుడిచింది. బొటనవేళ్ళు ఆనే రబ్బరు దగ్గర జిడ్డు పేరుకుంటుంది, అక్కడ గోరుతో గుడ్డని తిప్పాలి. తర్వాత స్టెబిలైజర్ వేసి, పచ్చదీపం వెలిగేదాకా ఆగి, మొదటి మిషన్‌లో ఆ పన్నెండు అక్షరాలూ కొట్టింది. డబ్బు ఖాతాలో పడింది. పాస్ కొన్నది. నెట్ నుంచి దిగడం మొదలైంది. మధ్యలో డేటా అయిపోతే తన ఫోన్ నుంచి మళ్ళీ వేయించింది.

రెండు గంటలకి మొత్తం దిగింది. ఫైటర్ల బొమ్మలన్నీ వరసగా కనపడే చోటికి వెళ్ళి చూసింది. ఇరవై మంది రంగుల్లో ఉన్నారు. చివర నలుగురూ బూడిదరంగులో, ఒక్కొక్కరి మీదా చిన్న తాళం గుర్తుతో ఉన్నారు. ఆ నలుగురిలో చివరిది ఒక ముసలమ్మ. గుండు, భుజాన తుపాకీ, చంక కింద నుంచి చుట్టి రొమ్ము మీద ముడేసిన నేతబట్ట. బంగారు దేశం నుంచి వచ్చిన వీరవనిత అని ప్రకటనలో చెప్పారు. ఏ దేశమో చెప్పలేదు గానీ, ఆ బట్ట చూసిన కుమాసీవాళ్ళెవరికీ ఆమె తమ మనిషేనన్న దాంట్లో అనుమానం రాలేదు.

దుఫీ ముసలమ్మ మీద నొక్కింది. ఈ ఫైటర్ కావాలంటే కొనండి అని వచ్చింది. మిషన్ ఆర్పి మళ్ళీ వేసి నొక్కింది. కొనండి అనే వచ్చింది. బెదియాకోకి ఫోన్ చేసింది.

"డిస్కు ఏ దేశందక్కా?" అన్నాడతను.

"డిస్కుకి దేశమేంటి?"

"పెట్టె వెనక్కి తిప్పి చూడు. కింద మూలన వయసు గుర్తు అక్షరముందా, అంకె ఉందా?"

"పదహారు అని ఉంది."

అవతల స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. "అంకె ఉందంటే బ్రిటన్ డిస్కక్కా అది. లండన్ నుంచి వచ్చే పాత సామాన్లలో వచ్చుంటుంది. పాసేమో అమెరికాది. దీనికది పట్టదు."

"ఆట ఒకటేగా?"

"ఆట ఒకటే. అమ్మకం వేరు."

"పొద్దున్న ఈ మాట అడగలేదేం?"

"నా దగ్గర కార్డు కొనేవాళ్ళు డిస్కు కూడా నా దగ్గరే కొంటారక్కా. నువ్వు బయట కొన్నావని నాకేం తెలుసు? అమెరికా డిస్కు ఒకటుంది, పాతదే. రెండొందల అరవై. వేరేవాళ్ళకివ్వకుండా ఉంచనా?"

ఉంచమనలేదు, వద్దనలేదు. ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు తనకి కోపం రావాలని ఆమెకి తెలుసు. కొట్టు మీదికి వెళ్ళి నలుగురిలో అరవాలి, లేదా ఇక్కడే కూర్చుని ఏడవాలి. రెండూ రాలేదు. మెట్టు ఉందనుకుని కాలేస్తే నేల తగిలినట్టు, రావలసిన చోట ఏమీ రాలేదు. తుడిచిన కంట్రోలర్లే మళ్ళీ తుడిచింది.

ఐదు దాటాక ఒక్కొక్కరూ వచ్చారు. ఈ గదిలో పద్ధతేమిటంటే, గెలిచినవాళ్ళు కుర్చీలో ఉంటారు, ఓడినవాళ్ళు రెండు సెడీలు కట్టి లేస్తారు. జడలల్లే పొకువా దువ్వెన జుట్టులో గుచ్చుకునే వచ్చింది. వేళ్ళకి పగలంతా అల్లిన దారం రంగు.

"ఏరక్కా మన కొత్త అల్లుళ్ళు? దిగారా లేదా?"

"ఇంకా దిగుతున్నారు," అంది దుఫీ. అనుకుని అన్న మాట కాదది. నోట్లోంచి దానంతటదే వచ్చింది. వచ్చాక దానికి తోడు ఇంకో మాట కావలసి వచ్చింది. "నలుగురూ కలిపి బాగా పెద్దది. డేటా చాలట్లేదు."

"అంతేనా! నాలుగొందలు పెట్టినవాళ్ళం డేటాకి వెనకాడతామా?" అని టైలరు బొవాహెన్ డబ్బాలో సెడీ వేశాడు. పొకువా వేసింది. వెనకున్నవాళ్ళూ వేశారు. డబ్బా మీద చెయ్యి అడ్డం పెడితే సరిపోయేది. పెట్టలేదు. ఆ చెయ్యి ఒళ్ళో అలాగే పడుంది.

నిజం చెప్తే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు. పెద్దరోడ్డు మీద కొత్త గది పెట్టారు. ఏసీ ఉంది, నలుగురు ఫైటర్లూ ఉన్నారు, ఆటకి ఐదు సెడీలు. ఈ తొమ్మిదిమందీ రోడ్డు దాటితే ఈ గదికి తాళమే. ఇంకో ఐదు వారాలు నోరు మూసుకుంటే, డబ్బాలో పడేదాంతోనే అమెరికా డిస్కు వస్తుంది. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ తెలియదు. అలా అనుకుంది.

చివరగా అప్రాకు వచ్చాడు. సువామేలో బళ్ళ విడిభాగాలు అమ్ముతాడు. యాభై ఏళ్ళుంటాయి, అందరిలోకీ పెద్దవాడు, అందరికంటే బాగా ఆడతాడు. గోళ్ళ కింద నలుపు ఎన్నిసార్లు కడిగినా పోదు గనక, సొంత రుమాలుతో చేతులు తుడుచుకుంటే గానీ కంట్రోలర్ ముట్టుకోడు. ఈ పాస్ కావాలని ముందుగా అడిగింది అతనే. ముసలమ్మ కోసం.

"అన్నకి సంబంధం ఇంకా ఖాయం కాలేదు. ముసలావిడ ఇంకా దార్లోనే ఉందట," అంది పొకువా.

అప్రాకు నవ్వాడు. కూర్చోబోతూ టీవీ పక్కనున్న డిస్కు పెట్టె తీశాడు. వెనక్కి తిప్పి, కంటికి దూరంగా పట్టుకుని, కింద మూలన ఏదో చదివాడు. మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టాడు.

"దిగుతోందా?"

"దిగుతోందన్నా."

"సరే," అని జేబులోంచి సెడీ తీసి డబ్బాలో వేసి కూర్చున్నాడు.

బుధవారం మధ్యాహ్నం, గదిలో ఎవరూ లేని వేళ, దుఫీ ఆట కంపెనీవాళ్ళకి ఫోన్లో రాసింది. వాళ్ళతో మాట్లాడే వీలు లేదు, రాయడమే. మెలొడీ అనే పేరుతో జవాబు వచ్చింది. మనిషో మిషనో తెలియలేదు గానీ మర్యాదకి మాత్రం లోటు లేదు.

మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము, ముందుగా మీ ఖాతాలోని చిరునామా చెప్పగలరా అని అడిగింది మెలొడీ. దుఫీకి చిరునామా తెలియదు. ఈ దేశం నుంచి ఖాతా తెరవనివ్వరు గనక మూడేళ్ళ కిందట బెదియాకోయే ఏదో కొట్టాడు. అతనికి ఫోన్ చేసింది.

"ఒరెగాన్‌లో ఒక ఇల్లక్కా, అమెరికాలో ఓ రాష్ట్రమది. రాసుకో, చెప్తా. నేను అందరికీ అదే పెడతాను."

"అందరికీ అంటే?"

"అడుమ్‌లో నా దగ్గర తెరిచిన వాళ్ళందరికీ. మూడొందలమంది ఉంటారు. మనమంతా ఒకే ఇంట్లో ఉంటున్నాం," అని నవ్వాడు.

దుఫీ చిరునామా రాసి పంపింది. తను ఎన్నడూ చూడని ఆ ఇంటి తలుపు నంబరు తప్పు కొట్టకుండా రెండుసార్లు సరిచూసుకుంది. మెలొడీ ధన్యవాదాలు చెప్పింది. తర్వాత, మీరు కొన్నది దించుకున్నారు కనుక వాపసు చేయడం కుదరదు అంది. దించుకున్నాను గానీ తెరుచుకోలేదు అని దుఫీ రాసింది. మీ ప్రాంతపు డిస్కు వాడితే తెరుచుకుంటుంది అని జవాబు వచ్చింది. మా ప్రాంతానికి డిస్కు ఎక్కడ అమ్ముతారు అని రాసింది. మీ ప్రాంతం ఒరెగాన్ కదా, అక్కడ అన్ని పెద్ద దుకాణాల్లోనూ దొరుకుతుంది అంది మెలొడీ.

నేను ఒరెగాన్‌లో లేను అని రాస్తే ఖాతా మూసేస్తారు. మూసేస్తే అందులో ఉన్న మిగతా ఆటలూ పోతాయి. లేనిచోట ఉన్నానని చెప్పినవాళ్ళకి న్యాయం అడిగే నోరుండదు. సరే అని రాసింది. మెలొడీ ఆమెకి వచ్చే ఏడాది సీజన్ పాస్ మీద పది శాతం తగ్గింపు ఇచ్చింది. ఇంకేమైనా సాయం కావాలా అంది. వద్దు అని రాస్తే, ఈ సేవకి ఎన్ని చుక్కలిస్తారని ఐదు చుక్కలు వచ్చాయి. దుఫీ ఐదూ నొక్కింది. తక్కువ నొక్కితే ఖాతాకి ఏమవుతుందోనని భయం.

ఆ సాయంత్రం కూడా ఇంకా దిగుతోందనే చెప్పింది. ఈసారి మాట సులువుగా వచ్చింది. డబ్బాలో సెడీలు పడ్డాయి. అప్రాకు వేశాడు, కూర్చున్నాడు, వరసగా ఆరుగుర్ని ఓడించి వెళ్ళాడు.

గురువారం పొద్దున్న స్టెబిలైజర్ ఫ్యూజు పోయింది. ఫ్యూజు కోసం సువామే వెళ్ళింది. అక్కడ రోడ్డుకి రెండుపక్కలా విప్పేసిన బళ్ళు, తలుపులు ఒకచోట, చక్రాలు ఒకచోట. అప్రాకు కొట్టు ముందు తీగలకి ఫిల్టర్లు దండల్లా వేలాడుతున్నాయి. ఒక టాక్సీ డ్రైవర్ ఆయిల్ ఫిల్టర్ చేత్తో పట్టుకుని బేరమాడుతున్నాడు. దుఫీ పక్కన నిలబడింది.

"అది నీ బండికి పట్టదు," అంటున్నాడు అప్రాకు.

"ఎందుకు పట్టదు మాస్టారూ? పెట్టె మీద నా బండి పేరే ఉందిగా."

"పేరు ఒకటే. నీ బండి జర్మనీ నుంచి దిగింది. ఇది అమెరికాలో అమ్మిన బండికి చేసింది. మర తేడా." అతని చేతిలోంచి ఫిల్టర్ తీసుకుని, లోపలి మరని బొటనవేలితో చుట్టూ తడిమి చూపించాడు. "రెండు చుట్లు బాగానే తిరుగుద్ది. మూడో చుట్టులో ఆగుద్ది. నువ్వు బలవంతంగా బిగిస్తావు. రేపు ఒబువాసి దార్లో నూనంతా కారిపోద్ది."

"అదేదో నేను చూసుకుంటా. డబ్బిస్తున్నానుగా, ఇచ్చెయ్."

"డబ్బిస్తే మాత్రం? పట్టదని తెలిసి ఇస్తే అది అమ్మడమెలా అవుద్ది?"

డ్రైవర్ గొణుక్కుంటూ పక్క కొట్టుకి వెళ్ళాడు. అప్రాకు ఫిల్టర్‌ని తీగకి తగిలించి ఇటు తిరిగాడు. దుఫీని చూశాడు. ఆమె అక్కడ ఎంతసేపటినుంచి ఉందో, ఏం విన్నదో అతనికి అర్థమైంది. అతనికి అర్థమైందని ఆమెకీ అర్థమైంది. మంగళవారం అతను పెట్టె వెనక చదివింది ఆ పదహారు అంకెనే. పాస్ అమెరికాదని ఆమె గదిలో తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్న మనిషికి ఇంక ఒకరు చెప్పాలా?

"ఏం కావాలి చెల్లెమ్మా?"

"ఫ్యూజు."

"ఎన్ని ఆంపియర్లు?"

"ఐదు."

ఒక డబ్బాలో వెతికి తీసి, వెలుతురుకి ఎత్తి లోపలి తీగ తెగలేదని చూసుకుని ఇచ్చాడు. ఎంతో చెప్పాడు, తీసుకున్నాడు, చిల్లర ఇచ్చాడు. తర్వాత ఏ పనీ లేకపోయినా రుమాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆమె కోసం ఆగుతున్నాడు. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. దుఫీ ఫ్యూజుని కాగితంలో చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"సాయంత్రం వస్తావా అన్నా?"

"రాకేం? వస్తా," అన్నాడు.

ఆ సాయంత్రం అతను మామూలు వేళకే వచ్చాడు. దిగుతోందా అని అడగలేదు. జేబులోంచి సెడీ తీసి డబ్బా మీద పట్టుకుని, ఒక్క క్షణం ఆగి వదిలాడు. ఆగినప్పుడు ఆమె మొహంలోకి చూశాడు. దుఫీ టీవీ వైపు చూసింది. ఆ రాత్రి ఆమె బాగానే తిన్నది, బాగానే నిద్రపోయింది. అదే ఆమెకి వింతగా అనిపించింది.

శుక్రవారం డబ్బాని బల్ల కింద పెట్టేసింది. ఎందుకు పెట్టిందో, ఏం చెప్పబోతోందో అప్పటికి నిశ్చయించుకోలేదు. పొకువా, బొవాహెన్, ఇంకో నలుగురు వచ్చారు. వాళ్ళ వెనకే అప్రాకు. పొకువా సెడీ చేత్తో పట్టుకుని డబ్బా కోసం వెతికింది.

"డబ్బా ఏదక్కా?"

"వెయ్యొద్దు."

"అయితే దిగిపోయారా! నలుగురూనా?"

"దిగారు. మంగళవారమే దిగారు. తెరుచుకోరు." మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. "డిస్కు బ్రిటన్‌ది. పాస్ అమెరికాది. ఒకదానికొకటి పట్టవు. డబ్బు వెనక్కివ్వమని అడిగా. కుదరదన్నారు."

"అంటే మనం కుట్టింది వేరే చొక్కాకి గుండీలన్నమాట," అన్నాడు బొవాహెన్. అతనే ఆ మాటకి నవ్వలేదు.

పొకువా సెడీని ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. "మంగళవారమే తెలుసా నీకు?"

"మంగళవారం మధ్యాహ్నమే తెలిసింది."

"మరి మంగళవారం సాయంత్రం నా దగ్గర తీసుకున్నావే? బుధవారం? నిన్న?"

"అమెరికా డిస్కు కొందామని. ఇంకో ఐదు వారాలైతే సరిపోయేది."

"ఐదు వారాలు!" పొకువా సెడీని సంచిలో వేసుకుని సంచి భుజాన తగిలించుకుంది. గొంతు పెంచలేదు. "రోడ్డు మీద కొత్త గదివాడు ఐదు సెడీలు తీసుకుంటాడక్కా. దోపిడీయే. కానీ ఐదని బయట బోర్డు మీద రాసి తీసుకుంటాడు." అని వెళ్ళిపోయింది. ఆ నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు ఊరికే గడియారం చూశాడు. తర్వాత నలుగురూ వెళ్ళారు. సందు చివర పొకువా ఎటు తిరిగిందో, వాళ్ళూ అటే తిరిగారు.

బొవాహెన్ వెళ్ళలేదు. గోడవారగా కుర్చీలో కూర్చుని, చొక్కా అంచు దారం లాక్కుంటున్నాడు. అప్రాకు నిలబడే ఉన్నాడు.

"నీకు తెలుసుగా అన్నా," అంది దుఫీ.

"పెట్టె చూశాక తెలిసింది. నా పనే అది."

"తెలిసి రోజూ ఎందుకు వేశావు?"

అప్రాకు రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలే తుడిచాడు. "ఆ కంపెనీవాడు నన్నెప్పుడూ చూళ్ళేదు చెల్లెమ్మా. నేను ఎవరినో, ఏం తింటానో వాడికి తెలీదు. వాడు నాలుగొందలన్నా నాలుగు వేలన్నా నేను వాడినేమనను. నువ్వు మూడేళ్ళ నుంచి నన్ను చూస్తున్నావు. నా మొహం చూసుకుంటూ ఎన్నాళ్ళు తీసుకోగలవో చూద్దామనిపించింది."

బొవాహెన్ దారం లాగడం ఆపాడు.

"మూడు రోజులు తీసుకున్నావు," అన్నాడు అప్రాకు, అరచెయ్యి చాపి. "మంగళవారం దాకా వేసింది పొరపాటు. అందులో నాకూ వాటా ఉంది. డిస్కు కొన్ననాడే నేను చూడాల్సింది. అది అడగను. మంగళవారం నుంచి వేసినవి మాత్రం ఇచ్చెయ్."

దుఫీకి అప్పుడు తెలిసింది, ఇంతసేపూ ఇచ్చెయ్యాలన్న ఆలోచనే తనకి రాలేదని. తప్పు చెప్పుకుంది, తలొంచుకుంది, జనం వెళ్ళిపోతుంటే చూసింది, కానీ బల్ల కింద డబ్బా బల్ల కిందే ఉంది. వంగి తీసింది. మూత గట్టిగా పట్టుకుపోయి రెండుసార్లకి గానీ రాలేదు. లోపల చెయ్యి పెట్టి ఒకటి, రెండు, మూడు సెడీలు అతని అరచేతిలో పెట్టింది. మూడో సెడీ పెడుతుండగా చెవులదాకా మొహం కాలింది. సిగ్గేసింది. నాలుగు రోజుల్లో ఆమెకి ఏదైనా అనిపించడం అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగితే మొహం తిప్పుకోలేదు.

అప్రాకు ఆ మూడింటినీ చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. వెళ్ళిపోతాడనుకుంది. అతను కుర్చీ లాక్కున్నాడు.

"బొవాహెన్, రా. ఒక ఆట ఆడదాం."

"పొకువా వాళ్ళు..."

"వాళ్ళిష్టం వాళ్ళది. నా లెక్క తేలిపోయింది." ప్యాంటు జేబులోంచి రెండు సెడీల బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. చొక్కా జేబులోవి ముట్టుకోలేదు. "ఎప్పుడూ వీడే ఓడతాడు. ఇవాళ నేను ఓడినా ఓడతాను, ముందే పెడుతున్నా. మిషన్ వెయ్యి."

దుఫీ స్టెబిలైజర్ వేసి, పచ్చదీపం వెలిగేదాకా ఆగి, మిషన్ వేసింది. ఫైటర్ల బొమ్మలు వరసగా వచ్చాయి. బొవాహెన్ తన మనిషిని వెంటనే ఎంచుకున్నాడు. అప్రాకు బొటనవేలు ఒక్కొక్క బొమ్మా దాటుకుంటూ వరస చివరిదాకా వెళ్ళింది. తాళం గుర్తు కింద, బూడిదరంగు ముసలమ్మ మీద ఆగింది. అతనేమీ అడగలేదు. ఆమె భుజాన తుపాకీతో, రొమ్ము మీద ముడితో అక్కడే నిలబడి ఉంది.

"ఆమె రాదన్నా," అంది దుఫీ.

"తెలుసు," అన్నాడు అప్రాకు. వరసంతా వెనక్కి వచ్చి, రోజూ ఆడే మనిషి మీద నొక్కాడు.